గేటు ముందర కొక్కేలు

"గట్ల కాదు బిడ్డా, జర నిమ్మళంగ రాయి. నా నోరు మెల్లగ నడుస్తది, నీ చెయ్యేమో ఉరుకుతది. నేను చెప్పేది నువ్వు పుస్తకాల భాషల పెట్టుకో, నాకేం కోపం లేదు. ఎవలన్న మాట మాత్రం ఆళ్ళ నోట్ల ఎట్లొచ్చిందో గట్లనే ఉంచు. పోయిన వారం యాడ ఆపినం?"

"దవాఖాన మెట్ల కాడ తాతా. పండ్ల సంచి పట్టుకొని లోపలికి పోవాల్నా వద్దా అని నిలబడ్డవ్."

"ఆఁ. గాడికెల్లి అందుకో. గని ముందు కొత్తగ సదివేటోళ్ళకు నాలుగు మాటలు చెప్పు."

మిర్యాలగూడలో, వేములపల్లి పోయే దారి మీద ఉన్న ఒక బియ్యం మిల్లులో మా ముఠా చాలా ఏళ్ళుగా బస్తాలు మోస్తోంది. నా పేరు మల్సూర్. మోయగలిగినన్నాళ్ళు నేనూ మోశాను. ఇప్పుడు నా పెద్దకొడుకు నాగేష్ ఆ ముఠాకు మేస్త్రి. చిన్నకొడుకు రవి అందులోనే హమాలీ. నేను చెబుతుంటే వారం వారం ఈ పత్రికకు రాస్తున్న సంతోషి రవి కూతురు.

బస్తా రేటు పెంచమని ముఠా సమ్మెకు దిగింది. సమ్మెకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. జెండాలూ నినాదాలూ తర్వాత, ముందు కొక్కేలు. బస్తాను గుచ్చి వీపు మీదికి లాక్కునే ఇనుప కొక్కెం ప్రతి హమాలీకీ సొంతంగా ఒకటి ఉంటుంది. వాటన్నిటినీ గేటుకు అడ్డంగా నేల మీద వరసగా పెట్టి, పక్కన కూర్చుంటాం. ఆ వరస దాటి ఇంకో ముఠా లోపలికి పోదు. పక్క మిల్లు వాళ్ళు పోరు. నేరేడుచర్ల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళూ పోరు.

మిల్లు షావుకారు బీహార్ నుంచి ఒక ముఠాను తెప్పించాడు. వాళ్ళు పొద్దున్నే లారీ దిగి, ఆ కొక్కేలను చూసి, ఒక్కొక్కరు ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని లోపలికి నడిచారు. మా వాళ్ళకు ఒళ్ళు మండింది. దాటడం వేరు, తీసుకోవడం వేరు. ఒకడి కొక్కెం ఇంకొకడు ముట్టుకోవడం మా దగ్గర లేదు. గేటు దగ్గర తోపులాట, తర్వాత కర్రలు. లఖిందర్ అనే బీహారీ తల పగిలి సూర్యాపేట దవాఖానలో పడ్డాడు. ఆ రోజు నుంచి నాగేష్ కనిపించడం లేదు. కొట్టింది నాగేషేనని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఇక దవాఖాన లోపలికి పోయాను.

లఖిందర్ మంచం కిటికీ పక్కన ఉంది. తల చుట్టూ కట్టు. ఒక కన్ను ఉబ్బి మూసుకుపోయింది. కుడి చెయ్యి దుప్పటి మీద ఎవరో మరచిపోయి వెళ్ళినట్టు పడి ఉంది. మంచం పక్కన నేల మీద ఒక పెద్దమనిషి కాగితంలో మరమరాలు పెట్టుకుని తింటున్నాడు. ఆయన రాంబిలాస్, ఆ ముఠాకు పెద్ద. తలుపు దగ్గర కుర్చీలో మా మిల్లు మేనేజర్ సుమన్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఏం మల్సూర్ తాతా, కొడుకు కొట్టవట్టె, తండ్రి పండ్లు తేవట్టె. పని మంచిగనే పంచుకున్నరు."

పండ్ల సంచి మంచం కింద పెట్టాను.

"కూసో, కూసో. ఈయన జర కోలుకోంగనే పోలీసోళ్ళొచ్చి రాసుకుంటరు. అటెన్క మీ సంఘం ఎట్లుంటదో నేను గూడ సూస్త." లేచి చొక్కా సర్దుకున్నాడు. "నీకు ఆయన భాష రాదు, ఆయనకు నీ భాష రాదు. ఇద్దరు మొఖాలు సూస్కుంటు కూసోండ్రి. నేను చాయ్ తాగొస్త."

నాకు హిందీ వచ్చని సుమన్‌కు తెలియదు. ఇన్నేళ్ళు లారీ డ్రైవర్లతో తిరిగినవాడికి ఆ మాత్రం రాకుండా ఉంటుందా. మేమిద్దరం హిందీలో అనుకున్నవి మన మాటలోకి మార్చి చెబుతున్నాను.

"నేను కూడ హమాలీనే," అన్నాను. "ఒక్కటి అడుగుత. గేటు కాడి కొక్కేలు ఎందుకు తీసిన్రు?"

ఆయన నమలడం ఆపాడు. "ఎందుకేమిటి చాచా? మాలిక్ పెట్టించాడు కదా."

"మాలిక్ పెట్టిచ్చిండా?"

"మా దగ్గర ఇటుక బట్టీ అయినా గోదాము అయినా అంతే. పొద్దున్నే పనిముట్లు గేటు దగ్గర పెట్టిస్తారు. ఎవరి చేతికి అందింది వాళ్ళు తీసుకుని పోతాం, సాయంత్రం మళ్ళీ అక్కడే పెడతాం. మా వాళ్ళు సంబరపడ్డారు కూడా. ఇక్కడి మాలిక్ మంచివాడు, చేతికి గుచ్చుకోని నున్నటి పిడులు ఇచ్చాడని."

నేను మంచం పట్టె పట్టుకున్నాను. ఆ కొక్కేలు ఎవరివో, ఎందుకు పెట్టామో, ఆ పిడులు ఎలా నున్నబడ్డాయో నాకు వచ్చిన హిందీలో చెప్పాను. రాంబిలాస్ విన్నంతసేపూ తల కిందికి వేసుకునే ఉన్నాడు. తర్వాత లేచి, లఖిందర్ చెవి దగ్గర నోరు పెట్టి వాళ్ళ భాషలో అంతా చెప్పాడు. లఖిందర్ ఒంటి కన్నుతో పైకప్పును చూస్తూ ఏదో అన్నాడు.

"ఏమంటుండు?"

"ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే రోడ్డు అవతలే కూర్చునేవాళ్ళం కదా అంటున్నాడు. కొట్టినవాడి ముఖం బాగా గుర్తుంది, ఆ మనిషి కొడుతూ ఏడుస్తున్నాడు, ఎందుకో అర్థం కాలేదు అంటున్నాడు."

రాంబిలాస్ నా పక్కన కూర్చున్నాడు. "చాచా, ఇక్కడ సమ్మె నడుస్తోందని మాకు చెప్పలేదు. కొత్త మిల్లు, మనుషులు కావాలన్నారు. మా కూలి కూడా కాంట్రాక్టరు చేతిలోనే ఉంది. వచ్చే వారం ఆదివారం గూడ్సు బండికి బియ్యం ఎత్తాలట. ఆ లోపల కొట్టిన మనిషి మేం ఉంటున్న షెడ్డుకు రావాలి. మా వాళ్ళందరి ముందు నిలబడి, ఆ కొక్కేల సంగతి తన నోటితో చెప్పాలి. లఖిందర్ కోసం ఒక్క మాట అనాలి. అప్పుడు మేమూ కొక్కేలు కింద పెట్టి మీ పక్కన కూర్చుంటాం. వేరేవాళ్ళు వచ్చి చెబితే మా కుర్రాళ్ళు వినరు. తల పగలగొట్టినవాళ్ళు దాక్కుంటే, వాళ్ళను అన్నదమ్ములని ఎలా చెప్పను?"

"ఆ మనిషొస్తే పోలీసోళ్ళకు పట్టిస్తరా?"

"మా నోరు మేం మూసుకుంటాం. ఆయన నోరు ఎలా మూస్తాం?" అని తలుపు దగ్గరి ఖాళీ కుర్చీ వైపు చూపించాడు.

రెండు ముఠాలు ఒక్కచోట కూర్చుంటే షావుకారు రేటు ఇవ్వక తప్పదు. ఇది పసివాడికైనా తెలుస్తుంది. కానీ ఆ షెడ్డుకు పోయినవాడు అటు నుంచి అటే పోలీస్ స్టేషన్‌కు పోతాడు. ఈ రెండూ మూట కట్టుకుని తిరిగి తిరిగి ఇవాళ పొద్దున కోదాడ బస్సెక్కాను. నాగేష్ అక్కడ ఉన్నాడని మా ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. నా బిడ్డ సువర్ణను కోదాడలో ఇచ్చాం. అల్లుడు జీవన్‌ది జగ్గయ్యపేట. కోదాడలో మోటార్లకు తీగ చుట్టే షాపు పెట్టుకున్నాడు.

నేను పోయేసరికి జీవన్ షాపు ముందే కూర్చుని ఉన్నాడు.

"రండి మావయ్యా. మీ పెద్దబ్బాయి వెనక గదిలో ఉన్నాడు. మీసం తీసేశాడు, గుర్తుపడతారో లేదో చూసుకోండి."

"పిలగాండ్లు మంచిగున్నరా జీవన్?"

"అందరం బాగానే ఉన్నాం. తెలంగాణ ఉద్యమంలోనేమో రోడ్డు మీద పొయ్యి పెట్టి, వంట చేసుకుని తింటూ మరీ మమ్మల్ని పొమ్మన్నాడు బావ. ఇప్పుడు దాక్కోడానికి ఆంధ్రా అల్లుడి కొట్టే దొరికింది."

"నువ్వు ఊరుకోవయ్యా," అంటూ సువర్ణ చెంబుతో నీళ్ళు తెచ్చింది. కోదాడలో కాపురం చేసీ చేసీ దాని మాట కూడా మారింది. "రా నాయినా, కాళ్ళు కడుక్కో. చిన్నన్న ఎట్లా ఉన్నాడు? నేను ఫోన్ చేస్తే ఎత్తట్లేదు."

"హాలియాల వడ్లు కొనే సెంటర్‌ల బస్తాలెత్త పోయిండు. ఇంట్ల పొయ్యి అంటుకోవాలె గద."

నాగేష్ రాగి తీగ చుట్టల మధ్య చాప మీద కూర్చుని అన్నం తింటున్నాడు. మీసం లేని ముఖం వాళ్ళమ్మ ముఖంలా ఉంది. నన్ను చూసి ముందు అడిగింది ఒక్కటే.

"బతికున్నడా?"

"బతికున్నడు. కుడి చెయ్యి లేస్తలేదు."

వాడు కంచంలో వేళ్ళు అలాగే పెట్టుకుని ఉండిపోయాడు. నేను నెమ్మదిగా అంతా చెప్పాను. కొక్కేలు మాలిక్ పెట్టించాడనుకున్నారని చెప్పినప్పుడు కంచం పక్కకు జరిపాడు.

"నున్నటి పిడులన్నరా?"

"అన్నరు."

రాంబిలాస్ పెట్టిన షరతు కూడా చెప్పాను. "పో బిడ్డా," అన్నాను. "పోయి ఆళ్ళ ముందర నిలబడు."

"పోతే సుమన్ ఊకుంటడా నాయినా?"

"ఊకోడు."

"తెలిసే పొమ్మంటున్నవా?"

"నువ్వే గద సంఘం ఆఫీసుల లండన్ దర్జీల ముచ్చట చెప్పింది. నేను మర్వలే."

ఆ ముచ్చట చదివేవాళ్ళకు కూడా చెప్పాలి. లారీలు లేని మధ్యాహ్నాలు నాగేష్ మాకు క్లాసు చెప్పేవాడు. నూటయాభై ఏళ్ళకు ముందు లండన్‌లో దర్జీలు సమ్మె చేస్తే, అక్కడి షావుకార్లు జర్మనీ నుంచి దర్జీలను తెప్పించబోయారట. అప్పుడు అన్ని దేశాల కూలివాళ్ళూ కలిసి పెట్టుకున్న ఒక సంఘం ఉండేది. అందులో గడ్డం పెద్దాయన ఒకరు, ఆయనదీ జర్మనీయే, జర్మనీ పేపర్లలో వేయించాడట, ఇక్కడ సమ్మె ఉంది, మోసపోయి రాకండి అని. కూలివాడికి దేశం హద్దు కాదని మొదట చెప్పింది వాళ్ళేనని నాగేష్ అన్నాడు. ఆ రోజు అందరం చప్పట్లు కొట్టాం.

"చెప్పిన," అన్నాడు నాగేష్. "మిగిలింది చెప్పలే. గదే గడ్డపాయన ఇంకోటన్నడు. ఐర్లండు నుంచొచ్చిన కూలోణ్ణి జూస్తే ఇంగ్లండు కూలోనికి మంట, నా కూలి తగ్గిస్తుండని. ఆ మంట ఉన్నన్ని దినాలు ఇద్దరు కలిసి షావుకారిని ఏం జేయలేరన్నడు. రోగం పేరు మంచిగనే చెప్పిండు."

"మందు చెప్పలేదా?"

"చెప్పిండు. ఇంగ్లండోళ్ళు ముందు ఐర్లండును ఇడిసిపెట్టాలన్నడు. గది రాజ్యాలు జేసే పని. గేటు కాడ నిలబడ్డోడు ఏం జేయాలె?"

జీవన్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "మరి తర్వాతొచ్చిన వాళ్ళు చెప్పలేదా బావా? అంతమంది ఉన్నారంటావుగా."

"ఆళ్ళు ఇంకా కొట్లాడుకున్నరు. పోలండామె ఒకామె, జాతి జాతి అంటరు గని, ఒకే జాతిల షావుకారికీ కూలోనికీ పొత్తేంది అన్నది. రష్యా ఆయన, కాదు, నొక్కిపెట్టిన జాతికి ఇడిపోయే హక్కు ముందు ఒప్పుకోవాలె, అప్పుడే కలిసుందామని అడిగే మొఖం ఉంటదన్నడు. ఆస్ట్రియాల కొందరు, జాతి నేలల లేదు, మనిషి ఏడికి పోతే ఆని ఎంట పోతదన్నరు. గడ్డపాయన దోస్తయితే, కొన్ని చిన్న జాతులు ఇగ మిగలవనే రాసిండు. అందరు కూలోని దిక్కే. ఒక్కతీరు మాత్రం చెప్పలే."

"మరి మీ తెలంగాణ కొట్లాట ఎవరి లెక్క?"

నాగేష్ నవ్వాడు, కానీ ఆ నవ్వు ముఖం మీద నిలవలేదు. "రష్యా ఆయన లెక్కన కొట్లాడినం జీవన్. పోలండామె లెక్కన మిగిలినం. మిల్లు మీ దిక్కు ఆయన చేతికెల్లి మా దిక్కు ఆయన చేతికొచ్చింది. బస్తా అంతే బరువున్నది."

"పోనీలే, బరువు తగ్గలేదు గానీ తిట్టడం మాత్రం మీ యాసలో తిడతాడు కదా మీ షావుకారు," అన్నాడు జీవన్. సువర్ణ కళ్ళతోనే ఆపింది.

నాకు ఇవన్నీ పట్టలేదు. తల లోపల ఆ లేవని చెయ్యే ఉంది. "నాగేషూ, నాకు ఒక్క మాట చెప్పు. షెడ్డుకు పోతవా, పోవా?"

వాడు చెయ్యి కడుక్కుని వచ్చాడు. "పోత. ఇప్పుడే లెవ్వమంటే లేస్త. నేనే కొట్టిన అని చెప్త. గని ఆళ్ళు నమ్మరు నాయినా."

"ఎందుకు నమ్మరు?"

"లఖిందర్‌కు మొఖం యాదుందన్నవ్ గద. గది నా మొఖం కాదు."

సువర్ణ చేతిలోని గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"మరి నువ్వెందుకురా దాసుకున్నవు?"

"నేను కనబడకుంటే నేనే అనుకుంటరని. అనుకున్నరు గద. నువ్వు గూడ అనుకుంటివి."

"ఎవడు కొట్టింది?"

వాడు గోడ వైపు చూశాడు. "లఖిందర్ తీసుకున్న కొక్కెం ఎవలదనుకుంటున్నవ్ నాయినా. నీది."

నేను మోత ఆపేసిన రోజు నా కొక్కెం చిన్నవాడి చేతికిచ్చాను. పెద్దవాడు అప్పటికే మేస్త్రి. ఇక నాగేష్ ఏం చెప్పనక్కర లేకపోయింది. అయినా చెప్పాడు.

"నాయిన కొక్కెం ఇడువురా అని మొత్తుకున్నడు రవి. ఒకటికి పదిసార్లు మొత్తుకున్నడు. లఖిందర్‌కు మన మాట తెల్వదు. నవ్విండు. కొత్త జాగల ఎవడన్న అరుస్తే నవ్వుతం గద, గట్ల నవ్విండు. రవి కర్ర అందుకున్నడు."

జీవన్ బయటికి పోయి షాపు షట్టరు సగం దించాడు.

"ఇప్పుడు రవే పోవాలె," అన్నాడు నాగేష్.

"నువ్వు చెప్పు ఆనికి. తమ్ముడే గద."

"నేను చెప్తే మేస్త్రి హుకుం అయితది. హుకుం మీద పోయినోడు ఆళ్ళ ముందర ఏం మాట్లాడతడు? ఆని కడుపులకెల్లి రావాలె. నువ్వు చెప్పు."

"బస్తా మోయమని నేనే పంపిన. జైలుకు గూడ నేనే పంపాల్నా?"

"పంపకుంటే ఐతారం బీహారోళ్ళు గూడ్సు బండి ఎత్తుతరు. బండి ఎత్తినంక మన ముఠా ఉండదు. తలా ఒక దిక్కు పోతం."

"నీ పుస్తకాలల్ల ఎవలన్న చెప్పిన్రా, కొడుకును ఎట్ల పంపాల్నో?"

"లేదు నాయినా," అన్నాడు. వాడి గొంతు చిన్నప్పటిలా అయింది.

సువర్ణ పెట్టిన అన్నం ముట్టకుండానే లేచాను. కోదాడ బస్టాండులో బెంచీ మీద కూర్చుని రవికి ఫోన్ చేశాను. చెల్లె ఫోన్ ఎత్తనివాడు నాది వెంటనే ఎత్తాడు. వెనక వడ్ల జల్లెడ మోత వినిపిస్తోంది.

"నాయినా, అన్నం తిన్నవా?"

"తిన్న."

"యాడున్నవ్?"

"ఈడనే, బస్టాండ్‌ల."

"ఏమన్న పనుండి చేసినవా?"

నోరు తెరిచాను. రాంబిలాస్ పేరు గొంతు దాకా వచ్చింది. లఖిందర్ చెయ్యి కూడా వచ్చింది. "ఏం లేదు బిడ్డా, ఊకనే," అన్నాను. తండ్రి ఊరికే ఫోన్ చెయ్యడని వాడికి తెలుసు. "సరే నాయినా, సాయంత్రం సంతోషికి చేస్త," అని పెట్టేశాడు. మిర్యాలగూడ బస్సు వచ్చింది. పోయింది. ఇంకోటి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

"సంతోషీ, చెయ్యెందుకు ఆపినవ్ బిడ్డా?"

"డాడీ గట్ల కొట్టిండా తాతా?"

"కొట్టిండు. రాయి."

"ఇది పత్రికల వస్తే పోలీసోళ్ళు గూడ సదువుతరు. ఎట్ల పంపుతం?"

"ఇప్పుడే పంపకు. నా నోటితోని కాలే, గందుకే నీతోని రాపిచ్చిన. పొమ్మని నేను అంటలేను, వద్దని గూడ అంటలేను. గది గూడ రాసుకో. ఇంకో జర సేపైతే మీ నాయిన ఫోన్ చేస్తడు. మొదటికెల్లి సదువు. రాంబిలాస్ చెప్పింది వచ్చినప్పుడు మెల్లగ సదువు, నడుమ ఏడ్వకు. నువ్వేడిస్తే ఆడు నీ కోసం ఆగిపోతడు, లేకుంటే నీ కోసం పోతడు. రెండూ వద్దు. అంతా ఇన్నంక, పంపమంటేనే పత్రికకు పంపు. వద్దంటే ఈ కాయితాలు చింపెయ్యి, ఈ వారం తాతకు పాణం బాగలేదని రాసి పంపు. ముందుగాల మీ నాయినకు సదివి ఇనిపియ్యి బిడ్డా."